టాబ్లెట్టు వెల, తులాధారుని త్రాసు

వస్తువు వెల న్యాయమైనదా కాదా యను విచారణ నేడు అర్థశాస్త్రజ్ఞుల పాలబడినను, మన పూర్వులు దానిని ధర్మజిజ్ఞాసలో నొక భాగముగనే యెంచిరి. భారతమున శాంతిపర్వమందు, పక్షులు తన జటలలో గూడు కట్టి పిల్లలను పెంచి యెగిరిపోవునంతదాక కదలక నిలిచి, ధర్మమున తనకు సాటి లేరని గర్వించిన జాజలి యను తపస్వి, వారణాసిలో వర్తకము సాగించుకొను తులాధారుని కడకేగి ధర్మోపదేశము పొందవలసివచ్చెను. తన త్రాసు సర్వభూతములయెడ సమముగా నిలుచునని యా వర్తకుడు చెప్పిన మాట, క్రయవిక్రయములును ధర్మమునకు లోబడినవేయని చాటుచున్నది. ఆ త్రాసులో నేటి టాబ్లెట్టును, దానికి తోడుగా నమ్మబడు పెన్సిలును, కీబోర్డును ఉంచి తూచినచో తేలునదేమో చూతము.

ఖర్చును బట్టి వెల కట్టుట మొదటి మార్గము. సరకు వచ్చిన దూరమును, పోవలసిన దూరమును, నిలువయున్న కాలమును, లాభనష్టములను విచారించి రాజు క్రయవిక్రయములను నిర్ణయింపవలెనని మనుస్మృతి విధించినది. అనుమతింపబడిన కొనుగోలు ధరపై స్వదేశపు సరకునకు నూటికి 5, పరదేశపు సరకునకు నూటికి 10 చొప్పున లాభమును కౌటిల్యుడు నియమించెను. ధాన్యమునకును వస్త్రమునకును చక్కగా పొసగు నీ గణితము టాబ్లెట్టు దగ్గర తడబడును. ఏలయన, దాని తెరకు, చిప్పునకు, బ్యాటరీకి వెల కట్టవచ్చును గాని, లోపల నడచు సాఫ్ట్‌వేరును వ్రాయుటకు పట్టిన యేండ్ల శ్రమ తొలి ప్రతికి అపారమై, పిదప ప్రతులకు దాదాపు శూన్యమగుటచే, అందులో నొక్కొక్క కొనుగోలుదారు భరింపవలసిన పాలెంతయో యే లెక్కయు నిక్కముగా తేల్పజాలదు. కావున ఖర్చునకు మించి యెంత పుచ్చుకొనిరను ప్రశ్న యొక్కటియే అన్యాయమును నిరూపింపదు.

ఇంతకంటె సూక్ష్మమైన కొలబద్ద 13వ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ రచనయందు కలదు. 'సుమ్మా థియొలాజియే'లో క్రయవిక్రయములలోని మోసమును విచారించుచు ఆయన యిట్లు వివేచించెను: వస్తువును విడుచుటవలన అమ్మువానికి నష్టము కలుగునేని, ఆ నష్టమును వెలలో చేర్చుకొనవచ్చును, కొనువానికి గొప్ప మేలు కలుగుచున్నదను కారణముచేత మాత్రము, తాను నష్టపడకయే వెల పెంచరాదు, ఆ యవసరము కొనువానిది గనుక, తనది కానిదాని నెవ్వడును విక్రయింపజాలడు.

ఈ కొలబద్దతో టాబ్లెట్టును కొలిచి చూతము. 2010 జనవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ తొలి ఐప్యాడును చూపి, 16 జీబీ రకమునకు 499 డాలర్లని ప్రకటించినప్పుడు, అది అధికమని తలచినవాడు కొనక యూరకుండగలిగెను. అందువలన అతని పని యేదియు నిలిచిపోలేదు. అట్టి స్వేచ్ఛ గలచోట వెల హెచ్చగుట వేరు, అన్యాయమగుట వేరు. కాని టాబ్లెట్టును కొని తెచ్చుకొన్న పిమ్మట, దానికే పొసగు పెన్సిలో, దానికే తగులుకొను కీబోర్డో కావలసినవాడు ఆ స్వేచ్ఛను చాలవరకు కోల్పోయినవాడు. 2020లో 12.9 అంగుళముల ఐప్యాడ్ ప్రోకు తగిన మ్యాజిక్ కీబోర్డు 349 డాలర్లు కాగా, ఆ యేడే వచ్చిన సాధారణ ఐప్యాడు, తెరతో బ్యాటరీతో సంపూర్ణముగా, 329 డాలర్లకే లభించెను. 2022 నాటి పదవ తరపు ఐప్యాడునకు యూఎస్‌బీ-సీ పోర్టు నమర్చి, లైట్నింగ్ అను వేరొక రకపు మొన గల తొలి తరపు పెన్సిలునే దానికి పనిచేయనిచ్చి, రెంటిని కలుపు అడాప్టరును పాత పెన్సిలు గలవారికి 9 డాలర్లకు వేరుగా అమ్మిరి. సొమ్ము స్వల్పమేగాని, తయారుచేసినవాడే కల్పించిన కొరతకు కొన్నవాడు మూల్యము చెల్లించుట స్వల్పదోషము కాదు.

బలవంతమెక్కడ, అన్నియు తెలిసియే కొనిరి గదా యని వాదింపవచ్చును. తెలిసి కొన్నవారి విషయమున నిది సత్యమే; కాని టాబ్లెట్టు వెలను పెద్ద యక్షరములతో చాటి, అది చేయు పనులన్నియు చూపించి, ఆ పనులకు వలయు సామగ్రి వెలను వేరొకచోట చెప్పుట సమమైన త్రాసు కాజాలదు. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుండి తన విపణిలో నమ్ము టాబ్లెట్లకు యూఎస్‌బీ-సీ పోర్టును తప్పనిసరి చేసినది. వెల కట్టు జోలికి పోక, ఛార్జరు విషయమున కొనువాని స్వేచ్ఛను నిలుపుటయే యా శాసనపు విశేషము.

వెల తగ్గినంతమాత్రమున న్యాయము సిద్ధించునని భ్రమపడరాదు. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో నాటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఆవిష్కరింపగా, హైదరాబాదులో కూర్పబడి వచ్చిన ఆకాశ్ టాబ్లెట్టును ప్రభుత్వము 2,276 రూపాయలకు కొన్నది. విద్యార్థులకు అందవలెనను సంకల్పము ప్రశంసనీయమే. కాని వ్రేలితో గట్టిగా నొక్కవలసిన తెరయు, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరును చదువునకు చాలక విద్యార్థిని విసిగించినచో, చెల్లించినది కొద్దియైనను పొందినది యింకను కొద్దియే.

కావున టాబ్లెట్టు కొనబోవువారు తమ పనికి వలయు పెన్సిలు, కీబోర్డు, కవరు, ఛార్జరుల వెలలన్నియు కలిపి, కొనకమునుపే యొక్క మొత్తముగా తూచుకొనవలెను. అమ్మువారు తమ శ్రమకు ఫలమును నిస్సంకోచముగా పుచ్చుకొనవచ్చును. కొన్నవాడు ఇక వెనుదిరుగలేడను నమ్మకముతో పుచ్చుకొను ధనము మాత్రము, రసీదున్నను, ధర్మార్జితము కాదు.