కానరాని దిక్కులును, కన్నతల్లి ప్రశ్నయు

ప్రొద్దుటూరిలో మా కెఱుకపడిన నేతగృహిణి యొకతె కలదు. పుట్టినిల్లు పులివెందుల. ఎదిగిన కొమరుని గోలుపోయిన యామె యొకనాడు మా యింటికి వచ్చి, “అయివారూ, నాలుగో కొలత అనేది ఒకటి ఉందంట. పోయినోళ్లు అందులో ఉంటారని ఐన్‌స్టీను చెప్పినాడంట. నిజమేనా?” అని యడిగినది. ఆ మాట చెప్పినవానికి కొంత ధనము ముట్టినదనియు బిమ్మట దెలిసినది. సత్యము చెప్పి దుఃఖితురాలి యూరటను హరింపవచ్చునా? ఊరకుండి మోసమునకు దోడుపడుదుమా? ఇదియే మా ధర్మసందేహము.

మొదట శాస్త్రము చెప్పినదేమి? నిడివి, వెడల్పు, ఎత్తులకు గాలమును జేర్చి, అన్నియు నొక్క చతుఃపరిమాణ క్షేత్రమని 1908లో మింకోవ్‌స్కీ ప్రతిపాదించెను. కావున నీ నాలుగవది పరలోకము కాదు. మన గడియారము కొలుచునదియే. గురుత్వాకర్షణ మా క్షేత్రముయొక్క వంపేయని 1915లో ఐన్‌స్టీను తెలిపెను. జమ్మలమడుగు చేరువనున్న గండికోట కొండలలో గుండ్రని గుట్ట నొకదానిని దలంపుడు. దానిపై జీమ యొక పెద్ద త్రికోణమును గీచి కోణములను గొలిచినచో, మొత్తము రెండు లంబకోణములను మించును. పైకెగురకయే తన నేల వంగినదని యది యెఱుగగలదు. వంపు నెఱుగుటకు వెలుపలి దిక్కక్కఱలేదు. 1919 సూర్యగ్రహణమున నక్షత్రకాంతి వంగుటను గొలిచి పండితు లీ సిద్ధాంతమును సరిచూచిరి.

ఇక నైదవ పరిమాణము. విద్యుదయస్కాంత శక్తులనుగూడ క్షేత్రగణితముననే యిముడ్పగోరి, 1919లో కలూజా యను జర్మను పండితుడు స్థలమున కింకొక దిక్కును గల్పించి ఐన్‌స్టీనునకు వ్రాసెను. అది ముద్రితమగుటకు 1921 వచ్చెను. ఆ దిక్కు కనబడదేమన, మిక్కిలి చిన్న చుట్టగా ముడుచుకొన్నదని 1926లో క్లైను చెప్పెను. మగ్గముపై పడుగుపోగు దూరమునకు గీతవలె దోచును. దానిపై బ్రాకు నణుమాత్రపు బురుగునకు మాత్రము చుట్టు తిరుగుటకు జోటున్నది. పిమ్మట వచ్చిన తంతుసిద్ధాంతము మొత్తము పది పరిమాణములను గోరుచున్నది. జెనీవాచెంత మహాయంత్రముతో వెదకియు వాని జాడ నింతవరకు గనుగొనలేదు.

పండితుడును బొరపడవచ్చును. 1877లో లైప్జిగు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు జోల్నరు, కొనలు బిగించిన త్రాటిలో ముడులు పడుట చూచి, యవి నాలుగవ దిక్కునుండి ప్రేతములు వేసినవని నమ్మెను. నాలుగు దిక్కులున్న నట్టి ముడులు సాధ్యములే, గణితము తప్పుకాదు. కాని యా ప్రదర్శన జరిపిన స్లేడు, లండనులో మోసమునకు శిక్షపడి, అభియోగపత్రపు లోపముచే విడుదలయైనవాడు. “కావచ్చును” అనుటకును “ఉన్నది” అనుటకును నడుమనే వంచకుడు కాపురముండును.

మేమామె మగ్గపు పోగునే చూపి యిదియంతయు జెప్పితిమి. “చచ్చినవారి సంగతి యీ శాస్త్ర మెఱుగదమ్మా. ఎఱుగునని చెప్పి డబ్బు పుచ్చుకొన్నవాడు అబద్ధమాడినాడు” అంటిమి. ఆమె బదులాడక, పోగును వ్రేలికి జుట్టుకొనుచు జాలసేపు కూర్చుండెను. మా మాట యామె కూరటయైనదని చెప్పజాలము. ఆమె దుఃఖము నామెకే విడిచితిమి. దానిని వేఱొకని వ్యాపారము కానీయలేదు. విద్యావంతుడు పొరుగువారికి జేయవలసిన ఋణములలో నిది మొదటిదని మా తలంపు.