ఖాళీ కుర్చీ ఎవరిది?

ముందుగా ఒక చిన్న ప్రశ్న. హోటల్లో నలుగురు కూర్చునే బల్ల దగ్గర మీరు ఒక్కరే కూర్చున్నారనుకోండి. మిగిలిన మూడు కుర్చీలు ఎవరివి? భోజనానికి డబ్బు ఇస్తున్నాను గనుక బల్లంతా నాదే అనుకోవచ్చునా?

ఇంత వయసు వచ్చేదాకా నాకీ ప్రశ్న తట్టలేదు. 2023లో మా మేనల్లుడిని చూడటానికి హాంకాంగ్ వెళ్లినప్పుడు తట్టింది.

వాడు ఉండేది కౌలూన్ వైపు, షామ్ షుయి పో అనే పేటలో. కూలీలు, చిరువ్యాపారులు ఎక్కువగా నివసించే పాత పేట అది. వాళ్ల వీధి చివర ఒక చిన్న హోటలు ఉన్నది. ఇటువంటి వాటిని కాంటోనీస్ భాషలో 'ఛా ఛాన్ తెంగ్' అంటారు. టీ, భోజనం దొరికే చోటు అని అర్థం. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లో హాంకాంగ్‌లో ఆంగ్లేయుల తరహా హోటళ్లు సామాన్యులకు అందేవి కావు. ఆ టీని, ఆ రొట్టెను, ఆ మాకరోనీని తమ నాలుకకు తగినట్టు మార్చి, చవకగా పెట్టడానికి పుట్టినవే ఈ హోటళ్లు. గుడ్డ సంచిలో వడకట్టి చిక్కని డబ్బాపాలు కలిపే వాళ్ల టీ ఎంత పేరు పొందిందంటే, దాన్ని తయారుచేసే పద్ధతిని 2017లో హాంకాంగ్ ప్రభుత్వం తమ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చైనా వంట అంటే మనకు మంచూరియా గుర్తుకొస్తుంది. అది 1970లలో ముంబైలో పుట్టిన వంట. ఆ హోటల్లో దాని ఊసే లేదు. గంజి, నూడిల్స్, అన్నం మీద కాల్చిన పందిమాంసం ముక్కలు, ఇవీ అక్కడి వంటకాలు.

మధ్యాహ్నం వేళ. మేనల్లుడు పనికి వెళ్లాడు గనుక ఒక్కడినే వెళ్లి, నలుగురి బల్ల దగ్గర కూర్చుని, పక్క కుర్చీలో నా సంచి పెట్టుకున్నాను. వడ్డించే ఆవిడ పెద్ద వయసు మనిషి. నవ్వు లేదు, పలకరింపు లేదు. టీ గ్లాసు టక్కున పెట్టి వెళ్లిపోయింది. కాసేపటికి తిరిగి వచ్చి నా సంచిని వేలితో చూపించింది. నేను దాన్ని ఒళ్లోకి తీసుకున్నానో లేదో, ఆ కుర్చీలో ఒక ముసలాయనను కూర్చోబెట్టింది. ఎదుటి కుర్చీల్లో ఇద్దరు కూలీలు వచ్చి కూర్చున్నారు. వాళ్ల చొక్కాలకు సిమెంటు అంటుకుని ఉన్నది.

నిజం చెప్పాలి. నాకు కోపం వచ్చింది. ఒక మాట అడగవద్దా అనుకున్నాను. అక్కడ దీన్ని 'దాప్ తోయ్' అంటారనీ, ముక్కూ మొహం తెలియని వాళ్లతో బల్ల పంచుకోవడం మామూలేననీ సాయంత్రం మేనల్లుడు చెప్పేదాకా నాకు తెలియదు.

ముసలాయన తన చెంచాను, పుల్లలను వేడి టీలో కడుక్కున్నాడు. నేను చెంచా కోసం వెతుక్కోవడం చూసి, తలెత్తకుండానే డబ్బా నా వైపు జరిపాడు. గంజి తాగాడు. వడ్డించిన ఆవిడతో 'మ్ గోయ్' అన్నాడు. సహాయం అడగడానికీ, చేసినందుకు కృతజ్ఞత చెప్పడానికీ వాళ్లకు ఆ ఒక్క మాటే. పది నిమిషాల్లో డబ్బు చెల్లించి వెళ్లిపోయాడు. మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. చోటు ఇవ్వని చిరునవ్వు గొప్పదా? చిరునవ్వు లేకుండా ఇచ్చిన చోటు గొప్పదా? పెద్ద హోటళ్లలో తలుపు తీసి వంగి నమస్కారం చేస్తారు. కానీ సిమెంటు చొక్కాతో వచ్చిన మనిషికి ఆ తలుపు తెరుచుకుంటుందా? ఇక్కడ నాకెవరూ నమస్కారం చేయలేదు. అయితే ఆ కూలీలను ఎవరూ ఎగాదిగా చూడనూ లేదు.

మీరు అనవచ్చు: ఇందులో ప్రేమ ఏమున్నది? హాంకాంగ్‌లో అద్దెలు మండిపోతాయి, కుర్చీ ఖాళీగా ఉంటే యజమానికి నష్టం, అందుకే ఇరికించి కూర్చోబెడతాడు అని. నిజమే. ఆ ఊరివాళ్లందరూ పుణ్యాత్ములనీ నేను అనను. జాతి వివక్షను నిషేధించే చట్టం అక్కడ 2008లో గాని రాలేదు. మనబోటి దక్షిణాసియా వాళ్లకు ఇల్లు అద్దెకివ్వడానికి వెనుకాడే యజమానులు అక్కడ ఉన్నారు. బల్ల పంచుకున్నంత మాత్రాన మనసు మారిపోదు. కానీ లాభం కోసం మొదలైన అలవాటు కూడా మనిషికి ఒక పాఠం నేర్పగలదు. రోజూ ఎవరో ఒకరి మోచేయి తగులుతూ భోజనం చేసేవాడికి, తనకు సగం బల్ల సరిపోతుందని తెలిసివస్తుంది.

ఆ కుర్చీ విలువ ఎంతో 2020లో ఆ నగరమే చూసింది. కరోనా వ్యాప్తిని ఆపడానికి జూలై 29 నుండి హోటళ్లలో కూర్చుని తినడాన్ని రోజంతా నిషేధించారు. పార్సిల్ తీసుకువెళ్లవచ్చు. కానీ ఎక్కడికి? ఆఫీసు ఉన్నవాడు ఆఫీసుకు వెళ్లాడు. వీధులు ఊడ్చేవాళ్లు, భవనాలు కట్టేవాళ్లు ఎండలోనూ వానలోనూ రోడ్డు పక్కన, మెట్ల మీద కూర్చుని తిన్నారు. ఆ ఫోటోలు చూసి జనం బాధపడ్డారు, మండిపడ్డారు. రెండు రోజులకే, జూలై 31 నుండి, పగటి పూట కూర్చుని తినడానికి మళ్లీ అనుమతి ఇచ్చారు. నిషేధించినవారి ఉద్దేశం మంచిదే. హోటలు అమ్మేది అన్నం మాత్రమే కాదనీ, మనిషిలా కూర్చుని తినే చోటు కూడా అనీ వారికి ముందుగా తోచలేదు, అంతే.

మనకు మాత్రం తోచిందా? మన పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఉండేదన్న సంగతి మనకు తెలియనిది కాదు. డబ్బు ఒకటే, టీ ఒకటే, గ్లాసు మాత్రం వేరు. కొందరికి బల్ల, మరికొందరికి నేల. ఆ అవమానం టీ రుచిలో లేదు, కూర్చునే చోటులో ఉన్నది.

అది పాతకాలపు మాట అని నేనూ అనుకునేవాడిని. ఊరికి తిరిగి వచ్చిన నెలరోజులకు మా వీధిలోని మెస్సులో భోజనం చేస్తున్నాను. నా ఎదుట కుర్చీ ఖాళీగా ఉన్నది. మా వీధి ఊడ్చే అమ్మ వచ్చి, గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టి, పార్సిల్ తీసుకుని, బయట వేపచెట్టు కింద కూర్చుని తిన్నది. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ ఎవరూ అనలేదు. "ఇక్కడ కూర్చోమ్మా" అన్న మాట నా గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె ఏమనుకుంటుందో, చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకుంటారో అని సంకోచించాను. ఈలోగా ఆమె తినడం అయిపోయింది, చీపురు పట్టుకుని వెళ్లిపోయింది.

హాంకాంగ్‌లో నా సంచిని వేలితో చూపించడానికి ఒక మనిషి ఉన్నది. ఇక్కడ నా సంచిని నేనే తీయాలి. ఆ అమ్మ రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తుంది. రేపు నేను మళ్లీ ఆ మెస్సుకే వెళ్తాను.