దొరువు కాడ దోసిలి

ఎండాకాలం సెలవులకి ఊరెళ్తే పొద్దుగూకే వేళ వాడరేవు ఇసకలో నడుస్తాం. మాయమ్మ, నా కూతురు, నేను, మా రాజుగాడు. రాజుగాడంటే కుక్క. (నా చిన్నప్పుడు మా పల్లెలో ఆ పేరు కుక్కకి పెట్టుకుంటేనే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు.)

సముద్రం కాడ మాయమ్మ మనిషే మారిపోద్ది. అలల్లో కాళ్లు పెట్టి కేకలేస్తది. సముద్రం అందరిదీ అంటారు. నిజమే, తాగడానికి పనికిరాని నీళ్లు గదా, అందరికీ వదిలేశారు! నోటికందే నీళ్ల దగ్గరే కులం కాపలా కాసింది. 1927లో అంబేద్కర్ మహద్ చెరువుకి నడిచిందీ, 1985లో చీరాల పక్కనే కారంచేడులో చెరువు కాడ మొదలైన గొడవతో మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపిందీ ఈ నీళ్ల కాడే.

మొన్న తిరిగొస్తుంటే సరుగుడు తోట పక్కన దొరువు కనబడింది. సముద్రానికి అంత దగ్గర్లోనూ తియ్యటి నీళ్లే. రాజుగాడు ముందే దిగి కతుకుతున్నాడు. తోట ఆసామి చూసి నవ్వాడు. "నువ్వూ తాగమ్మా" అన్నాడు. మాయమ్మ దిగలేదు. గట్టు మీద కూచుని దోసిలి పట్టింది, ఎవరన్నా పోస్తారని.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీద? ఆసామి అడ్డం చెప్పలేదే. అమ్మ మీదా? డెబ్బయ్యేళ్లు ఆ చేతులకి అదే నేర్పారు. కుక్కని తాగమని ఎవరూ పిలవలేదు, దాని పాటికది తాగింది. పిలిస్తే తాగాల్సిన నీళ్లు మావెట్లా అవుతాయి? అట్లాగని దాహంతో పోవాలా? నేనే ముంచి పోద్దామని వంగబోయి ఆగాను. పోస్తే ఆ దోసిలి అట్లాగే ఉండిపోద్ది.

నా కూతురు ఇవేవీ ఆలోచించలా. నాయనమ్మ రెక్క పట్టుకుని దొరువులోకి దింపింది. నేనూ దిగాను. రాజుగాడు నీళ్లన్నీ కలిపేశాడు. తేటపడేదాకా అందరం అందులోనే నిలబడ్డాం.