తుపాకి పట్టిన చేయి, ప్రభువు బల్ల

ధ్యాన భాగములు: లూకా 3:10–14, అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయము



మా సంఘములలో ఒకదానియందు పెన్షను పుచ్చుకొనుచున్న ఒక సైనికుడు కలడు. పదునెనిమిదవ యేట పట్టాళములో చేరి, ఇరువది నాలుగేండ్లు కొలువు చేసి, ఇంటికి వచ్చి పదేండ్లాయెను. రెండెకరముల చెలక దున్నుకొని బ్రదుకుచున్నాడు. ఆదివారము తప్పక వచ్చును. పాట పాడును, కానుక వేయును. అయితే ప్రభు సంస్కారము జరుగు ఆదివారమున మాత్రము చివరి వరుసలో కూర్చుండి, రొట్టె పళ్లెము తన యొద్దకు రాగానే తల వంచి ప్రక్కవారికి అందించివేయును. చాలకాలము మేము చూచియు అడుగలేదు. తుదకు ఒక సాయంకాలము ఆయనయే మా యింటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, రెండు చేతులు చాపి ఇట్లనెను: "అయ్యగారూ, ఈ చేతులు తుపాకి పట్టినయి. పట్టుడే గాదు, పేల్చినయి. ఈ చేతులల్ల ప్రభువు రొట్టె పెట్టొచ్చునా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్న మన సంఘములకు పాతదే. నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతములలో సువార్త పని చేసిన మెన్నొనైట్ బ్రదరన్ మిషనెరీలు ఆయుధము పట్టని సంప్రదాయమునుండి వచ్చినవారు. 1874లో రష్యా దేశమున నిర్బంధ సైనిక సేవా చట్టము వచ్చినప్పుడు వారి జనులలో వేలమంది ఇల్లు వాకిలి విడిచి అమెరికాకు వలసపోయిరి. ఆ సమాజపు తొలి అమెరికా మిషనెరీలు 1899లో హైదరాబాదు సంస్థానములో అడుగుపెట్టిరి. శత్రువును ప్రేమించుమను ప్రభువు ఆజ్ఞను వారు అక్షరాల పాటింప జూచిరి. ఇటు చూడగా, ఆగస్టు 15న బడిలో జెండా ఎగురవేయుటకు ఊరివారు ఆ సైనికునే పిలిచి దండ వేయుదురు. ఊరు దండ వేయుచున్నది, ఆయన మనస్సాక్షి రాయి వేయుచున్నది. సంఘము ఏమి చేయవలెను?

యొర్దాను ఒడ్డున సైనికులు యోహాను నొద్దకు వచ్చి, మేమేమి చేయవలెనని అడిగిరి. ఆయన వారిని వెళ్లగొట్టలేదు. వారి వృత్తిని పొగడనులేదు. ఎవరిని బెదిరించి సొమ్ము గుంజవద్దనియు, ఎవరిమీదను అపనింద వేయవద్దనియు, వచ్చు జీతముతో తృప్తి పొందుమనియు చెప్పెను. కొర్నేలీ కైసరయలో శతాధిపతి. పేతురు ఇంకను మాటలాడుచుండగానే పరిశుద్ధాత్మ ఆ యింటివారిమీద దిగెను. కొలువు సంగతి తేలువరకు ఆత్మ ఆగలేదు. అయినను రక్తము తేలికయైన సంగతి కాదు. దావీదు మిక్కిలి రక్తము ఒలికించినవాడు గనుక అతడు మందిరము కట్టరాదని దేవుడు సెలవిచ్చెను. మరి అతనిని త్రోసివేసెనా? లేదు. రాళ్లు, ఇనుము, దేవదారు మ్రానులు సమకూర్చు పని అతని చేతికి మిగిలెను (1 దినవృత్తాంతములు 22). కాబట్టి లేఖనమునందు ఈ రెండును కలవు: రక్తమునకు లెక్క యున్నది, రక్తము చిందించినవానికి దేవుని యెదుట చోటును, పనియు ఉన్నవి.

దీనికి మన తెలుగు నేలలోనే ఒక సాక్ష్యము కలదు. గోదావరి రైతులు నేటికిని మే 15న ఎవరి విగ్రహమునకు దండ వేయుదురో ఆ సర్ ఆర్థర్ కాటన్ దొరగారిని ఇంజనీరుగా అందరు ఎరుగుదురు. ఆయన వృత్తిచేత సైనికుడని కొందరే ఎరుగుదురు. 1803లో జన్మించి, చిన్ననాటనే ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాలలో చేరి, 1821లో మద్రాసు ఇంజనీర్ల దళమున అధికారిగా మన దేశమునకు వచ్చెను. 1824–26 బర్మా యుద్ధములో పోరాడెను. ఆ యుద్ధము న్యాయమైనదని మేము చెప్పము. యౌవనముననే ఆయన క్రీస్తునందు దృఢ విశ్వాసము గలవాడాయెను.

తరువాత ఆ చేతికి వేరొక పని దొరికెను. కావేరిమీద చోళరాజులనాటి ఆనకట్టను పరిశీలించి, ఇసుకలో పునాది నిలుపు విద్యను ఈ దేశపు పూర్వికుల పనినుండి నేర్చుకొంటినని ఆయన దాచక ఒప్పుకొనెను. ఏలు జాతివాడు ఏలబడు జనులయొద్ద శిష్యుడాయెను. అది కపెర్నహూము శతాధిపతి వినయమునకు దగ్గరిది. 1833లో కరవు గుంటూరు సీమను శ్మశానము చేసెను. 1839లో తుఫాను గోదావరి తీరమును ముంచెను. ఇట్టి నేలమీద, నాలుగు పాయలుగా చీలిన నదికి అడ్డముగా, 1847లో దవళేశ్వరమున ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసెను. నేడు గోదావరి డెల్టాలో సుమారు పది లక్షల ఎకరములు ఆ నీటితో పండుచున్నవి.

1860లో ఆయన కొలువు చాలించెను. ఆ తరువాత ఇంకను 39 ఏండ్లు బ్రదికెను. ఈ భాగమే మన సైనిక సహోదరునికి ముఖ్యమైనది. 1876–78 మహా కరవులో దక్షిణదేశమున లక్షలమంది చనిపోవగా, రైళ్లకు పోయు సొమ్ము కాలువలకు పోయవలెనని ఆయన వాదించెను. 1878లో పార్లమెంటు కమిటీ ఎదుట ప్రశ్నలకు నిలువవలసి వచ్చినను ఆ మాట మార్చలేదు. ముసలితనమున ఇంగ్లండులోని డార్కింగు పట్టణమందు తన తోటలో నేల లోతుగా త్రవ్వి గోధుమ పైరుతో ప్రయోగములు చేసెను. 1899లో, 96వ యేట కన్నుమూసెను.

ఆయన తలచినదంతయు ఫలింపలేదు. ఆయన ప్రోత్సాహముతో పుట్టిన మద్రాసు ఇరిగేషను కంపెనీ తుంగభద్రమీద సుంకేసుల ఆనకట్టను, కర్నూలు–కడప కాలువను కట్టి నష్టపోయెను. 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనవలసి వచ్చెను. మన నడిగడ్డలోని రాజోలివారు ఆ ఆనకట్ట చోటు ఎరుగుదురు. ఆ కాలువ అవతలి ఒడ్డుననే పారెను. మన ఒడ్డు అప్పుడు నిజాము ఏలుబడిలోనిది. మరియు ఆనకట్టలకు రాళ్లు మోసిన కూలీల పేర్లు ఏ రాతిమీదను చెక్కబడలేదు. ఊరూర మట్టిపనికి పోయిన పాలమూరు కూలీల బిడ్డలమైన మనము దీనిని మరువరాదు.

ఆనకట్ట కట్టినందున బర్మాలో చిందిన రక్తము కడుగబడెనని మేము చెప్పము. ఏ పుణ్యకార్యమును పాపమును కడుగజాలదు. క్రీస్తు రక్తమే కడుగును. అయితే క్షమాపణ పొందిన చేతిని దేవుడు ఖాళీగా ఉంచడు. ఖడ్గములు నాగళ్లగునని యెషయా ప్రవచించినప్పుడు, ఆ ఇనుమును పారవేయుదురని చెప్పలేదు. అదే ఇనుము కొలిమిలో రూపు మారును. కొలిమి వేడి లేక అది జరుగదు. మన సహోదరుడు ఇన్నేండ్లు పళ్లెము ప్రక్కకు అందించుచు పడిన బాధ ఆ వేడియే అని మేము తలంచుచున్నాము.

ఇక తుపాకి పట్టని మన సంగతి ఏమి? యోహాను సైనికులకు చెప్పిన మూడు మాటలు మనమీద పెట్టి చూచుకొందము. గెట్టు తగాదాలో అన్నదమ్ముని బెదిరించి జానెడు నేల కలుపుకొన్నవారు మనలో లేరా? పోలీసు స్టేషనులో అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినవారు లేరా? ఉన్నది చాలక కూలివాని కూలిలో కోత కోసినవారు లేరా? వారి చేయి పళ్లెములో జంకు లేక పడుచున్నది. ఆయన చేయి వణకుచున్నది. ప్రభువునకు ఏ చేయి దగ్గరిది? ఆయుధము పట్టని పితరులనుండి మనకు వచ్చిన సమాధాన సాక్ష్యము ఆ సైనికుని వెనుక వరుసలో కూర్చుండబెట్టుటకు కాదు. మన గెట్లయొద్ద, మన యిండ్లలో, మన నాలుకలమీద సమాధానము నెలకొల్పుటకే.

కొన్ని దినములు ప్రార్థించిన తరువాత మేము ఆయన చెలకకు వెళ్లితిమి. "అన్నా, ఆ బల్ల మనది కాదు, ప్రభువుది. కడిగినవాడు ఆయనే, పిలుచువాడు ఆయనే. ఏడ్వవలసినది ఉంటే ఆ బల్లయొద్దనే ఏడ్వుము," అంటిమి. ఆయన జవాబేమియు చెప్పక నాగలి మేడి పట్టుకొని నిలిచియుండెను.

వచ్చే నెల మొదటి ఆదివారము సంస్కారము కలదు. ఆయన రొట్టె తీసికొనునో లేదో మేమెరుగము. సంఘమువారిని ఒక్కటే వేడుకొనుచున్నాము. ఆ దినమున ఆయనను వెనుక వరుసలో ఒంటరిగా విడువకుడి. మనలో ఎవరైనను వెళ్లి ఆయన ప్రక్కన కూర్చుండవలెను. అంతకుముందు, మనమెవరితో మాటలు మానియున్నామో వారి గడప త్రొక్కి రావలెను.

సమాధానకర్తయగు దేవుడు మనకందరికి తోడైయుండును గాక. ఆమేన్.