ఆ బాకీ ఎవరిది?

కువైట్‌లోని ఫహాహీల్‌లో ఒక దుకాణానికి లెక్కలు రాస్తాను. మాది రాయచోటి దగ్గర పల్లె. వీసా కోసం అప్పు చేయని ఇల్లు మా వీధిలో తక్కువ. అందుకేనేమో, ఆలన్ విలియర్స్ ‘సన్స్ ఆఫ్ సింద్‌బాద్’ చదువుతూ ముత్యాల కోసం మునిగేవాళ్ల బాకీల దగ్గర ఆగిపోయాను.

విలియర్స్ 1903లో మెల్‌బోర్న్‌లో పుట్టాడు. తెరచాప ఓడల కాలం చెల్లిపోతుంటే, వాటి మీద బతికిన మనుషుల గురించి రాయడమే పనిగా పెట్టుకున్నాడు. 1938లో ఏడెన్‌లో నాఖుదా, అంటే ఓడ కెప్టెన్, అలీ అల్ నజ్దీ నడిపే ‘బయాన్’ అనే తెరచాప ఓడ ఎక్కి, జాంజిబార్ వైపంతా తిరిగి, 1939లో కువైట్ చేరాడు. అప్పటికే ఇక్కడి బుర్గాన్‌లో చమురు పడింది. జపాన్ పెంపకం ముత్యాలొచ్చి ఇక్కడి ముత్యానికి ధర లేకుండా పోయింది.

ముత్యాల కోసం మునిగేవాడికి ముక్కుకు కొమ్ముతో చేసిన పట్టీ, మెడలో బుట్ట, కాలికి రాయి. పైన తాడు పట్టుకున్నవాడు లాగితేనే ప్రాణం. సీజనుకు ముందు నాఖుదా ఇచ్చిన అడ్వాన్సు ఎన్నిసార్లు మునిగినా తీరేది కాదు. లెక్కంతా రూపాయల్లోనే, 1961 దాకా ఇక్కడ చెలామణి అయింది రూపాయే. తండ్రి పోతే బాకీ కొడుకు నెత్తిన పడేది.

డబ్బు బాకీ సరే. పోయినవాళ్లను తలుచుకునే ఋణం కూడా రక్తసంబంధం ఉన్నవాళ్లదేనా? పితృఋణం కొడుకు తీర్చాలంటారు. కానీ మహాలయ అమావాస్యనాడు అయ్యవారు మా నాయన చేత తర్పణం చివర, తల్లీ తండ్రీ చుట్టం ఎవరూ లేనివాళ్లకు కూడా నీళ్లు వదిలించేవారు. పేరు లేదు, గోత్రం లేదు. అయినా నాయన అంతే నిదానంగా, వేళ్ల సందునుంచి నువ్వుల నీళ్లు జార్చేవాడు.

మా గదిలో ఉండే కడప భాయ్ ఇంకో సంగతి చెప్పాడు. అప్పు మిగిల్చి పోయిన ఒకతని జనాజాకు నమాజు చేయించకుండా ప్రవక్త ఆగిపోయారట. అబూ ఖతాదా అనే సహచరుడు ఆ అప్పు తాను తీరుస్తానన్నాకే చేయించారట. ఈ మాట విన్నాక నా అనుమానం తీరింది. విలియర్స్ ఈ ముత్యాల కోసం మునిగేవాళ్లకు ఏమీ కాడు. అయినా వాళ్లను తలుచుకునే భారం తలకెత్తుకున్నాడు.

అలా రాసి ఋణం తీర్చడానికి ఒక్కటే షరతు: కల్తీ ఉండకూడదు. పోయినవాడి నోట రచయిత తన మాట పెడితే ఋణం తీరదు, పెరుగుతుంది. విలియర్స్ ఆ ఓడలోనే తిని, అక్కడే పడుకుని, చూసింది రాశాడు, ఫొటోలు తీశాడు. 2006లో ఆ ఫొటోలను పుస్తకంగా తెచ్చినవాళ్లలో కువైట్ చరిత్రకారుడు యాకూబ్ అల్ హిజ్జీ ఒకరు.

ఇక్కడి వంటిళ్లలో ఏళ్లకేళ్లు గడిపిన మా సీమ ఆడవాళ్ల గురించీ ఇట్లా రాసేవాళ్లు కావాలి. వాళ్ల కూతుళ్లే రాయాలని లేదు. ఒక కువైటీ అమ్మాయి రాసినా నాకు సమ్మతమే, చూసింది చూసినట్టు రాస్తే.