సారథి చూపు ఎవ్వరిది?

శనివారము తెల్లవారుజామున ధవళేశ్వరము ఆనకట్ట దాటి, బొబ్బర్లంక మీదుగా వాడపల్లికి పోవు త్రోవను చూచినవారికి ఆ దృశ్యము సుపరిచితమే. ఒక ప్రక్క నిండుగా పారు కాలువ, వేరొక ప్రక్క అరటితోటలు, వరిచేలు, నడుమ గట్టుమీది రోడ్డు. ఏడు శనివారములు వేంకటేశ్వరుని దర్శించెదమని మ్రొక్కుకొన్నవారు బస్సులలోను ఆటోలలోను వచ్చుచుందురు. కొందరు పాదరక్షలు విడిచి, గోవిందనామము పలుకుచు నడచియే వత్తురు. వారిలో వృద్ధులుందురు, బిడ్డను చంకనెత్తుకొన్న తల్లులుందురు. అదే త్రోవను, అదే స్వామి సన్నిధికి, లోపల చల్లదనము నింపుకొన్న కార్లును పోవుచుండును. కారులోనివాడు భక్తుడే, రోడ్డుప్రక్క నడచువాడు భక్తుడే. ఈ ఇరువురి నడుమ నేడు క్రొత్తగా ఒక తెర వచ్చి నిలిచినది.

పూర్వము కారు నడపువాని ముందు వేగము తెలుపు ముల్లు, పెట్రోలు తెలుపు ముల్లు, మహా అయిన ఒక రేడియో ఉండెడివి. 1986లో అమెరికాలో బ్యూక్ రివియేరా అను కారున వ్రేలితో తాకిన పలుకు తెర వెలసినది. 2014 మార్చిలో జెనీవా మోటారు ప్రదర్శనమున ఆపిల్ సంస్థ కార్‌ప్లే అను ఏర్పాటును లోకమునకు చూపినపుడు, దానిని తమ కార్లలో అమర్చి చూపిన మొదటి సంస్థలలో ఫెరారీ ఒకటి. అదే సంవత్సరము గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ ఆటోను ప్రకటించినది. వీని పని ఒక్కటే. జేబులోని ఫోను జేబులోనే ఉండును. దాని ముఖము మాత్రము కారు తెరపై ప్రత్యక్షమగును. దారిపటము, పాటలు, వచ్చిన సందేశములు, పిలుచుచున్న బంధువు పేరు, అన్నియు అచ్చట వెలుగుచుండును. నాడు కోట్లు పలుకు పందెపు వేగపు కార్లకు భూషణమైనది నేడు రాజమహేంద్రవరములో సామాన్య గృహస్థుడు వాయిదాలపై కొను కారులోను కనబడుచున్నది. ధనికుల ఇంట పుట్టిన అలవాటు ఊరంతయు ప్రాకుటకు పదేండ్లు చాలును గదా!

ఈ తెరను దూషించుట ఇచ్చటి ఉద్దేశము కాదు. ద్వారకా తిరుమలలో దర్శనము చేసికొని అంతర్వేదికి బయలుదేరిన పరదేశి యాత్రికునకు ఏ కాలువ వంతెనకడ ఏ వైపు తిరుగవలయునో అది చెప్పును. పూర్వము ఆ సాయము చేయుటకు టీ దుకాణము ముందు కూర్చున్న పెద్దలుండెడివారు. వారు చెప్పిన దారి ఒక్కొక్కప్పుడు వారి దారియేగాని మన దారి కాదు. కావున తెర మేలే చేయుచున్నది. అయినను, అది అడుగు మూల్యమేమి? ధనము కాదు, చూపు. ఆ చూపు ఎవ్వరి సొత్తు అనునదే ఇచ్చట విచారింపదగిన ధర్మసందేహము.

లెక్క వేసి చూచిన విషయము తేటపడును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు రెండు సెకండ్లలో సుమారు 33 మీటర్లు పోవును. 120 కిలోమీటర్ల వేగమున అదే రెండు సెకండ్లకు 67 మీటర్లు. రెండు సెకండ్లన ఎంత? రెండుమార్లు గోవిందా అనునంత. ఆ కాలము కన్ను తెరపై నున్నచో అంత దూరము కారు కన్నులు లేని వస్తువై పోయినదన్నమాట. 2013లో అమెరికా రహదారి భద్రతాధికారులు, కార్లలో అమర్చు ఇట్టి పరికరములకు ఒక హద్దు సూచించిరి. ఒక్కొక్కమారు చూపు రోడ్డునుండి తొలగుట రెండు సెకండ్లు మించరాదు. ఒక పని ముగియునప్పటికి అట్టి చూపులన్నియు కలిపి పండ్రెండు సెకండ్లు దాటరాదు. విశాలమైన రహదారులుగల దేశము విధించుకొన్న హద్దు ఇది. కోనసీమ కాలువగట్టుపై గేదె అడ్డువచ్చును, రబీ కోతల కాలమున ధాన్యము రోడ్డుపైననే ఆరుచుండును, బడి వదలిన పిల్లలు సైకిళ్లపై ముగ్గురేసి వత్తురు. అచ్చట రెండు సెకండ్లును మిక్కుటమే.

సారథ్యమన ఏమో తెలిసికొనుటకు మనకు నలోపాఖ్యానము కలదు. నన్నయభట్టారకుడు రాజరాజనరేంద్రుని ఆస్థానమున, ఈ గోదావరీతీరముననే, అరణ్యపర్వమున దానిని తెనిగించెను. ఆ కథలో ఒక ఘట్టమును పెక్కురు అశ్వహృదయ, అక్షహృదయముల వినిమయము కొరకే తలచుకొందురు. కాని అందు మరియొక సూక్ష్మము గలదు. దమయంతికి పునస్స్వయంవరమను వార్త విని, ఒక్క దినములో విదర్భ చేరవలయునని ఋతుపర్ణ మహారాజు బయలుదేరెను. బాహుకుడను పేర మారురూపముననున్న నలుడు రథము తోలుచుండెను. వార్ష్ణేయుడు వెంట నుండెను. దారిలో రాజు ఉత్తరీయము జారి పడినది. రథము నాపుము, వార్ష్ణేయుడు తెచ్చునని రాజనెను. అది ఆమడ దూరము వెనుకబడినది, ఇక దొరకదని బాహుకుడు బదులు చెప్పెను. మాట పలుకునంతలో ఎంత దూరము జరిగిపోవునో రథమెక్కిన రాజునకు తెలియదు, తోలువానికే తెలియును.

అటుపిమ్మట ఒక తాండ్రచెట్టు కనబడినది. దాని ఆకులెన్ని, పండ్లెన్ని, రాలినవెన్ని అని రాజు చూచినంతనే లెక్క చెప్పెను. ఆ విద్య నిజమో కాదో తెలిసికొనవలయునని నలునకు ఆసక్తి పుట్టినది. అప్పుడు నలుడేమి చేసెను? రథము తోలుచు తల త్రిప్పి చెట్టువైపు చూడలేదు. రథము నాపెను. దిగెను. కళ్లెములను కొంత తడవు వార్ష్ణేయుని పట్టుకొమ్మనెను. ఆలస్యమగుచున్నదని రాజు త్వరపెట్టినను వినక, చెట్టును కూల్చి లెక్కించి చూచెను. మూలభారతమున ఈ వివరములన్నియు కలవు. అశ్వవిద్యలో నలునకు సాటి లేడు; అట్టివాడు ఆపకయే లెక్క చూడగలనని అనుకొనలేదు. రాజు చూడవచ్చును, లెక్కింపవచ్చును, ఆయన ప్రయాణికుడు. సారథి చూడగోరినచో ఆపి దిగవలయును. నలుని దేహమునుండి కలి వెడలిపోయినది ఈ చెట్టుకడనే యగుట గమనింపదగినది.

ఆశ్చర్యమేమన, నేటి శిల్పులును తిరిగి తిరిగి ఈ భేదముకడకే వచ్చిరి. పోర్షే సంస్థ తన కొన్ని కార్లలో ప్రక్కసీటువానికి వేరుగా ఒక తెర నమర్చినది. వాడు దానిపై చలనచిత్రము చూచుకొనవచ్చును. ఆ తెరపై ఒక విధమైన పొర పరచుటచే నడపువానికి ఆ బొమ్మ కానరాదు. ఇది ఋతుపర్ణుని ఆసనము, అది నలుని ఆసనము అని విభజించినట్లే యున్నది.

ఇచ్చట గోదావరీమండలమువారు ఒక ఆక్షేపణ చేయవచ్చును. “ఏకకాలమున ఎనిమిది, నూరు విషయములపై మనస్సు నిలిపిన అవధానులు పుట్టిన సీమ ఇది. కడియమున 1870లో జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, యండగండిలో 1872లో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు శతావధానములు చేసి మెప్పించిరి గదా! మనస్సునకు అలవాటు చేసిన రోడ్డును, తెరను కూడ చూడలేమా?”

ఆక్షేపణ బాగున్నది, కాని అవధానసభను ఒక్కమారు మనసున తలచుకొనిన సమాధానము అచ్చటనే దొరకును. అష్టావధానమున ఒక పృచ్ఛకుడు సమస్య నిచ్చును, ఒకడు అక్షరములను నిషేధించును, ఒకడు మధ్యమధ్య గంట కొట్టును. ఎన్ని గంటలో అవధాని కడపట చెప్పవలయును. వీరుగాక అప్రస్తుత ప్రసంగి యను ఒకడుండును. అవధాని ఏకాగ్రతను చెఱచుటయే వాని ఉద్యోగము. అసందర్భపు ప్రశ్న వేయును, హాస్యమాడును, సభను నవ్వించును. వానికి లొంగనివాడే అవధాని. కారులోని తెర మనకు దారి చెప్పు పృచ్ఛకుడని తలచుచున్నాము. అది గంట కొట్టుచున్నది, పెండ్లిపిలుపు చూపుచున్నది, క్రొత్తపాట వినుమనుచున్నది. నిజమునకది అప్రస్తుత ప్రసంగి. మరియు అవధాని ఒక పాదము తప్పిన సభ నవ్వును, అంతియే. వేదికకు ముందు చీకటిలో చంకబిడ్డతో నడచు తల్లి లేదు. ఆ మహానుభావులు జీవితమంతయు సాధనచేసి కూర్చుండి చేసిన పనిని, మనము సాధన లేక, కదలుచు చేయబూనుట సాహసము.

చేతితో తాకక మాటతోనే ఆజ్ఞ లిచ్చిన దోషము తొలగునని మరికొందరందురు. కొంత తొలగును. కన్ను రోడ్డుపైననే యుండును గదా. కాని 2015లో అమెరికాలో ఏఏఏ ఫౌండేషన్ ప్రకటించిన పరిశోధనయందు, నోటిమాటతో పాట మార్చినను, సందేశము పంపినను, ఆ పని ముగిసిన పిదప 27 సెకండ్ల వరకు మనస్సు పూర్తిగా రోడ్డుపైకి మరలకుండుట కలదని తేలినది. అంతలో 60 కిలోమీటర్ల వేగమున కారు 450 మీటర్లు పోవును. కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను చెప్పి, మనస్సును పగ్గముగా చెప్పినది. గుఱ్ఱము త్రోవనే యున్నది, పగ్గము జారినది. చూచువారికి ఏ లోపమును కనబడదు.

భక్తులు విశేషించి ఆలోచింపవలసినది మరొకటి గలదు. వాహనమున విష్ణుసహస్రనామము వినుట మంచిదే. బయలుదేరుటకు ముందే పెట్టుకొన్నచో చెవి వినును, కన్ను దారి చూచును. కాని నడుమలో ఆగిపోయినదని, వేఱొకరు పాడినది కావలయునని వ్రేలితో తెరను వెదకుట, తిరుమల కల్యాణోత్సవము ప్రసారమగుచున్నదని ఓరకంట చూచుట చేయువారున్నారు. స్వామిని చూచుట తప్పగునా అని వారడుగుదురు. భాగవతము తృతీయస్కంధమున కపిలుడు తల్లియగు దేవహూతికి చెప్పినది దీనికి ఉత్తరము. సర్వభూతములందున్న పరమాత్మను ఉపేక్షించి ప్రతిమను మాత్రమే పూజించుట బూడిదలో హోమము చేయుటయే యని ఆయన బోధ. తెరపై నున్నది స్వామి బింబమే కావచ్చును. కారు ముందు నడచుచున్న ముసలివానియందును ఆ స్వామియే యున్నాడు.

“చంపవలయునని ఎవడు తలచును? అనుకోకుండ జరిగినది” అని ప్రమాదానంతరము విందుము. ఆ మాట అబద్ధము కాదు. దశరథుడును కావలయునని చేయలేదు. యౌవరాజ్యకాలమున, వర్షర్తువు రాత్రివేళ, రథమెక్కి విల్లు గొని సరయూతీరమునకు వేటకై పోయెను. నీట కుండ మునుగు చప్పుడు విని ఏనుగని తలచి శబ్దవేధి బాణము విడిచెను. మునికుమారుడు నేలగూలెను. ద్వేషము లేదు, దురుద్దేశము లేదు. ఉన్నదెల్ల యౌవనము, వేగవాహనము, చూడకయే కొట్టగలనను నేర్పు. ఆ మూడును కలసి గ్రుడ్డివారైన తల్లిదండ్రుల ఆధారమును హరించినవి. రాజు తప్పును కప్పిపుచ్చక తానే వారికడ కేగి చెప్పుకొనెను. శాపము మాత్రము తప్పలేదు. పుత్రశోకముతో ప్రాణము విడుచునపుడు కౌసల్యతో ఆ వృత్తాంతము చెప్పుకొని విలపించెను. చూడకపోవుటయు ఒక కర్మయే.

మన భాషలోని ప్రమాదమను మాటనే చూడుడు. నేడు దానికి దుర్ఘటన యని అర్థము. సంస్కృతమున దానికి ఏమరుపాటని అర్థము. ఆ ఏమరుపాటునే మృత్యువని సనత్సుజాతుడు ధృతరాష్ట్రునకు బోధించెను. ఫలమునకు కారణము పేరే పెట్టిన పూర్వులు ఎంత దూరము చూచిరో!

చట్టము తాను చేయగలిగినది చేసినది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, నడపుచు చేతిలో ఫోను వాడుటను ప్రమాదకరమైన నడపుటలో పేర్కొని చేర్చిరి. 2020 అక్టోబరు 1 నుండి, చేతి పరికరమును దారి చూచుకొనుటకు మాత్రమే, అదియు నడపువాని ఏకాగ్రతకు భంగము కలుగకుండ వాడవలయునని నియమము వచ్చినది. కారులో బిగించిన తెర చేతిలో లేదు గనుక తనకు దోషము లేదని వాదించువాడు పోలీసువానికి సమాధానము చెప్పగలడేమో. ఆ వాదము నడచివచ్చుచున్న తల్లికి ఏమి ఉపకరించును?

అత్యంత ఐశ్వర్యవంతుల కార్లలోనే ఇప్పుడు వెనుకకు మరలుట మొదలైనది. బుగాట్టి సంస్థ షిరాన్ కారులో నడుమ తెరయే పెట్టలేదు. 2024లో చూపిన టూర్బియాన్ కారులో గడియారపు పనివారిచే ముల్లుల పలకను చేయించి, తెరను అక్కరపడినపుడు మాత్రమే పైకి లేచునట్లు దాచినది. ఫెరారీ సంస్థ స్టీరింగుపై తాకుడు మీటలు పెట్టి, 2025లో వెలువరించిన అమాల్ఫీ కారులో నొక్కుడు మీటలనే మరల తెచ్చినది. ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించు సంస్థ, 2026 నుండి పూర్తి మార్కులు కావలయునన్న మలుపు దీపము, హారను, అద్దము తుడుచు కఱ్ఱలు మొదలగువానికి చేతికి తగులు మీటలు ఉండవలయునని ప్రకటించినది. ఎవరును ధర్మశాస్త్రము చదివి ఈ పని చేయలేదు. వ్రేలికి తెలిసిన మీటను కన్ను వెదకనక్కరలేదని అనుభవమున తెలిసికొనిరి.

గోదావరీతీరపు గృహస్థులలో కొందరు ఏ యంత్రమును మార్పింపకయే ఒక ఏర్పాటు చేసికొనిరి. బయలుదేరునపుడు దారిపటము పెట్టుదురు, స్తోత్రము పెట్టుదురు. ఆ పైన తెర పని ప్రక్కనున్న ఇల్లాలిది, లేదా ఎదిగిన పిల్లవానిది. పిలుపు వచ్చిన వారే పలుకుదురు, మలుపు వచ్చిన వారే చెప్పుదురు. అమెరికానుండి సెలవులకు వచ్చిన కుమారుడు నడపుచున్నను ఇదియే పద్ధతి. తానే మాటలాడవలసిన పిలుపైనచో లొల్ల లాకులకడ కారు ప్రక్కకు తీసి ఆపును. లాకుల నీటిచప్పుడులో మాట సరిగా వినబడదు గనుక దిగి చెట్టుక్రింద నిలుచును. ఆ లోపల, వారు దారిలో దాటివచ్చిన పాదచారులు గోవిందా యనుచు ఒక్కొక్కరే కారు ప్రక్కగా ముందునకు సాగిపోవుదురు.