వేలంలో ఒకరిని నిరోధించే ముందు...

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో పాత చేతి గడియారాలు బాగుచేసి ఇంటర్నెట్ వేలంలో అమ్ముకునే ఒక తెలుగు సోదరుడు రమజాన్ సెలవుల్లో ఊరికి వచ్చారు. తరావీహ్ నమాజు తరువాత మా పక్కన కూర్చుని ఒక మసలా అడిగారు.

"మౌలానా! నేను వేలానికి పెట్టిన గడియారాన్ని ఒకాయన హెచ్చు పాట పాడి గెలుచుకున్నాడు. వారం గడిచినా డబ్బు కట్టలేదు. రెండుసార్లు సందేశం పంపాను, జవాబు లేదు. అమ్మకం రద్దు చేసి, ఆయన పేరును నిరోధించినవారి జాబితాలో చేర్చాను. ఇరవై రోజుల తరువాత ఆయన మరో పేరుతో రాశాడు. తండ్రి చనిపోతే ఊరు వెళ్ళాడట, గడియారం ఇంకా ఉంటే కొంటాడట. నేను జవాబివ్వలేదు. ఆ రెండో పేరును కూడా జాబితాలో వేశాను. సరుకు నాది. ఎవరికి అమ్మాలో నా ఇష్టం. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. నేను చేసింది న్యాయమేనా?"

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కాని వ్యాపారం చేసే ప్రతి ముస్లిం కుటుంబం ఆలోచించవలసిన విషయం ఇందులో ఉంది. కనుక దీన్ని పాఠకుల ముందు కొంచెం వివరంగా ఉంచుతున్నాము.

ముఖం చూడని బజారు

ఇంటర్నెట్ వేలాల్లో అందరికీ తెలిసిన పేరు ఈబే. 1995లో పియరీ ఒమిడ్యార్ అనే ఆయన అమెరికాలోని కాలిఫోర్నియాలో దీన్ని ప్రారంభించారు. 2004లో మన దేశంలోని బాజీ డాట్ కామ్‌ను కొని ఈబే ఇక్కడికీ వచ్చింది. 2018లో ఇక్కడి సైటు మూతపడింది. అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో మాత్రం నేటికీ నడుస్తోంది.

ఇందులో మొదట అమ్ముడైన వస్తువు ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్. 14.83 డాలర్లకు పోయింది. పనిచేయని వస్తువుకు అంత ధర పాడారేమిటా అని ఒమిడ్యార్ ఆశ్చర్యపోయి, అది పాడైన వస్తువని తెలిసే కొంటున్నారా అని కొన్న వ్యక్తిని అడిగారట. పాడైన పాయింటర్లు సేకరించడమే తన అలవాటని ఆ వ్యక్తి జవాబిచ్చాడట. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. అమ్మేవాడు ఏదో ఒకటి ఊహించుకుని ఊరుకోలేదు. అడిగాడు.

మన మార్కెట్ యార్డులో వేలం పాట జరిగితే పాడేవాడి ముఖం తెలుస్తుంది, అతని దుకాణం తెలుస్తుంది, మాట తప్పితే పదిమంది నిలదీస్తారు. ఇంటర్నెట్‌లో ఇవేవీ లేవు. అందుకే ఈబే 1996 నుంచి అమ్మేవారు, కొనేవారు ఒకరి గురించి ఒకరు అభిప్రాయం రాసే ఏర్పాటు చేసింది. 2008 మే నెల నుంచి కొనేవారి మీద చెడు అభిప్రాయం రాసే అవకాశాన్ని అమ్మేవారికి తీసివేసింది. అమ్మేవారు పగబట్టి రాస్తారేమోనన్న భయంతో కొనేవారు నిజం చెప్పడం లేదన్నది దానికి చూపిన కారణం. ఆ తరువాత అమ్మేవారి చేతిలో మిగిలిన ముఖ్యమైన రక్షణ ఈ నిరోధక జాబితా. అందులో పేరు చేరిన వ్యక్తి ఆ అమ్మకందారుని సరుకు మీద పాట పాడలేడు, కొనలేడు. కావాలనుకుంటే అతని నుంచి సందేశం కూడా రాకుండా చేసుకోవచ్చు.

అమ్మేవానికి ఉన్న హక్కు

వేలం ధర్మసమ్మతమే. దైవప్రవక్త (సఅసం) స్వయంగా వేలం వేసిన సంఘటన హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలో ఉంది. సహాయం కోరి వచ్చిన ఒక పేద అన్సారీ ఇంట్లో ఉన్న ఒక దుప్పటిని, నీళ్ళ పాత్రను ఆయన తెప్పించి, వీటిని ఎవరు కొంటారని సభలో అడిగారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు. అంతకంటే ఎక్కువ ఎవరిస్తారని మళ్ళీ అడిగారు. మరొకరు రెండు దిర్హమ్‌లు ఇచ్చి తీసుకున్నారు. తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాల్లో ఈ హదీసు ఉంది.

ఇక, అమ్మకం ఇరువురి మనస్ఫూర్తి అంగీకారంతోనే జరగాలని దివ్య ఖుర్ఆన్ అన్నిసా అధ్యాయం 29వ వాక్యం బోధిస్తోంది. అంగీకారం కొనేవానికి ఎంత అవసరమో, అమ్మేవానికీ అంతే అవసరం. హనఫీ ధర్మవేత్తల ప్రకారం పాట పాడటం ఒక ప్రతిపాదన మాత్రమే. అమ్మేవాడు ఒప్పుకుంటేనే బేరం కుదిరినట్లు. కాబట్టి ఫలానా వ్యక్తితో నేను వ్యాపారం చేయలేనని అనుకునే హఖ్ అమ్మేవానికి ఉంది.

పైగా బజారులో చెడు చేసేవారు లేకపోలేదు. సరదాకు పాడి, గెలిచాక డబ్బు కట్టనివారున్నారు. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికే పాడేవారున్నారు. దీన్నే షరీఅత్‌లో నజష్ అంటారు. బుఖారీ, ముస్లిం హదీసుల్లో దీన్ని స్పష్టంగా నిషేధించారు. సగం డబ్బు వాపసు ఇవ్వకపోతే నీ మీద చెడ్డగా రాస్తానని బెదిరించేవారున్నారు. మంచి వస్తువు తీసుకుని, విరిగిన వస్తువు తిప్పి పంపేవారూ ఉన్నారు. విశ్వాసి ఒకే కన్నం నుంచి రెండోసారి కాటు తినరాదన్న భావంతో దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఇటువంటివారిని దూరం పెట్టడం పగ కాదు, జాగ్రత్త. అందులో తప్పు లేదు.

ఆ హక్కు ఆగిపోయే చోటు

సోదరులారా! హక్కు ఉండటం వేరు, దాన్ని వాడిన ప్రతిసారీ న్యాయం చేసినట్లు కావడం వేరు. నిరోధించడమంటే ఒక మనిషి గురించి తీర్పు చెప్పడమే. అందులో మూడుచోట్ల మనం జారిపడే ప్రమాదం ఉంది.

మొదటిది, అనుమానం. ఈ పేరు కొత్తది, ఇంతవరకు ఏమీ కొనలేదు, ప్రశ్నలు ఎక్కువ అడుగుతున్నాడు, ఫలానా దేశంవాడు అని జాబితాలో వేసేవారున్నారు. అతిగా అనుమానించవద్దనీ, కొన్ని అనుమానాలు పాపమనీ అల్ హుజురాత్ అధ్యాయం 12వ వాక్యంలో అల్లాహ్ హెచ్చరించాడు. ఒక దేశానికి సరుకు పంపలేనని ముందే ప్రకటించడం వేరు. ఆ దేశపు వారంతా మోసగాళ్ళని మనసులో రాసుకోవడం వేరు. మన పేరు చూసి, మన గడ్డం చూసి ఎవరైనా ఇల్లు అద్దెకు ఇవ్వకపోతే మన గుండె ఎంత మండుతుందో మనకు తెలుసు. అదే కొలత మనం ఇతరులకు వాడకూడదు.

రెండోది, నిజం చెప్పినవాడి మీద కోపం. గడియారం రోజుకు పది నిమిషాలు వెనుకబడుతోందని కొన్నవాడు రాశాడు. అది నిజమే. అయినా వీడితో తలనొప్పి అని నిరోధించాము. ఇది జాగ్రత్త కాదు, అహంకారం. లోపాన్ని చూపినవాడు మనకు మేలు చేశాడు. అమ్మేవాడు సరుకులోని లోపం దాచరాదన్నది ధర్మం. లోపం చెప్పినవాడిని గెంటివేస్తే, లోపాన్ని దాచేందుకు మరో దారి వెదికినట్లే.

మూడోది, వేలం నడుమ చేసే పక్షపాతం. వేలమంటే ఎవరు ఎక్కువ ఇస్తారని బహిరంగంగా పిలవడం. ఎక్కువ ఇచ్చినవారికే ఇస్తానని ముందే మాట ఇచ్చి, మనవాడికి దక్కాలని ఎదుటివాడి పాటను కొట్టివేసి అతన్ని నిరోధిస్తే, అది మాట తప్పడమే. బేరం కుదరకముందు వెనక్కి తగ్గవచ్చునన్న ఫిఖహ్ సూత్రం ఇక్కడ సాకు కాజాలదు. ఎందుకంటే ఆ వేదిక నియమాలకు కట్టుబడతానని మనం ముందే ఒప్పుకున్నాము. ఒడంబడికలను నెరవేర్చమని అల్ మాయిదా అధ్యాయం మొదటి వాక్యమే ఆదేశిస్తోంది.

బజారు నుంచి ఒకరిని ఆపమని అడిగినప్పుడు

ఈ మసలాకు చాలా దగ్గరగా వచ్చే ఒక సంఘటన దైవప్రవక్త (సఅసం) కాలంలోనే జరిగింది. ఒక సహచరుడు క్రయవిక్రయాలు చేసేవాడు. కాని వివేచన బలహీనంగా ఉండటం వల్ల మోసపోయేవాడు. అతన్ని వ్యాపారం చేయకుండా నిరోధించమని కుటుంబంవారు వచ్చి దైవప్రవక్త (సఅసం)ను కోరారు. ఆయన అతన్ని పిలిపించారు, వద్దని చెప్పారు. వ్యాపారం చేయకుండా ఉండలేనని అతను మొరపెట్టుకున్నాడు. అప్పుడు ఆయన, మానలేకపోతే బేరం చేసేటప్పుడు మోసం ఉండరాదని ముందే షరతు చెప్పుకోమని నేర్పారు. తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాల్లో ఈ హదీసు ఉంది.

ఇక్కడ సమస్య మోసపోయేవాడిది, మన జాబితాలో ఉన్నవాడు నష్టపరచినవాడు. ఆ తేడా ఉంది. అయినా పద్ధతి చూడండి. ఫిర్యాదు అందిన వెంటనే తలుపు మూయలేదు. మనిషిని పిలిచారు. అతని మాట విన్నారు. పూర్తిగా వెలివేయడానికి బదులు, అందరికీ రక్షణ ఉండే షరతు ఒకటి పెట్టి బజారులో ఉండనిచ్చారు. పిలవడం, వినడం, షరతు పెట్టడం. ఈ మూడూ అయ్యాకే తలుపు మూయడం గురించి ఆలోచించాలి.

డబ్బు కట్టనివాడి విషయంలోనూ ఇంతే. స్తోమత ఉండి వాయిదా వేసేవాడు దౌర్జన్యం చేస్తున్నాడని హదీసు చెబుతోంది. ఇబ్బందుల్లో ఉన్నవానికి గడువు ఇవ్వమని అల్ బఖరా అధ్యాయం 280వ వాక్యం చెబుతోంది. ఇద్దరూ డబ్బు కట్టలేదు. కాని ఇద్దరూ ఒకటి కాదు. ఎవరు ఏమిటో తెలియాలంటే అడగాలి, జవాబు వినాలి. సందేశం కూడా రాకుండా చెవులు మూసుకున్నవానికి ఆ తేడా ఎప్పటికీ తెలియదు.

జాబితా ఎవరికి చూపాలి?

ఈ నిరోధక జాబితాలో ఒక మంచి గుణం ఉంది. అది అమ్మేవానికి తప్ప ఎవరికీ కనిపించదు. తప్పు చేసినవాని పరువు పదిమందిలో పోదు. కాని కొందరు అమ్మకందారులు తమ జాబితాలను ఒకరికొకరు పంచుకుంటారు. ఇది గీబత్ అవుతుందా?

హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి)కు ఇద్దరి నుంచి పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు ఆమె దైవప్రవక్త (సఅసం) సలహా అడిగారు. ఆయన ఒకరు పేదవారని, మరొకరు కర్ర దించనివారని ఉన్నదున్నట్లు చెప్పారు. ముస్లిం గ్రంథంలో ఉన్న ఈ హదీసు ఆధారంగా, నష్టం నుంచి కాపాడటానికి నిజం చెప్పడం గీబత్ కిందకు రాదని ఉలమాలు తెలిపారు. అయితే షరతులున్నాయి. చెప్పేది మనకు స్వయంగా తెలిసి ఉండాలి. అవసరమైనవారికే చెప్పాలి. అవసరమైనంతే చెప్పాలి. ఎవరో పంపిన వంద పేర్లను, ఒక్కదాని కారణం కూడా తెలియకుండా మన జాబితాలో దింపుకోవడం విచారణ లేకుండా వందమందికి శిక్ష వేయడమే. ఎవరైనా వార్త తెస్తే పరిశీలించమన్న అల్ హుజురాత్ 6వ వాక్యం ఇటువంటి సందర్భాలకే.

పాట పాడేవారికి ఒక మాట

ఈ వ్యాసం చదివి కొనేవారు తమ తప్పు ఏమీ లేదని అనుకోరాదు. పాట పాడటమంటే మాట ఇవ్వడం. సరదాకు పాడటం, గెలిచాక ముఖం చాటేయడం విశ్వాసి లక్షణం కాదు. కష్టం వస్తే ఒక్క ముక్క రాస్తే చాలు. నిరోధించిన తరువాత మారుపేరుతో దొంగచాటుగా వచ్చి పాడటం కూడా సరికాదు. అవతలివాడు మనతో బేరానికి ఒప్పుకోలేదు. అతని అంగీకారాన్ని మారువేషంతో దొంగిలించరాదు. చెప్పుకోవలసింది ఉంటే మన పేరుతోనే మర్యాదగా చెప్పుకోవాలి.

మేము ఇచ్చిన జవాబు

ఆ సోదరునికి మేము ఇలా చెప్పాము. "వారం రోజులు చూసి అమ్మకం రద్దు చేయడం మీ హక్కు. ఈబే నియమాల్లోనైతే నాలుగు రోజుల గడువే ఉంది, మీరు ఇంకా ఎక్కువే ఆగారు. రెండుసార్లు అడిగారు. జవాబు లేనప్పుడు పేరు జాబితాలో చేర్చడంలోనూ పాపం లేదు. అక్కడి వరకు మీరు జాగ్రత్తపరులు. కాని ఆయన కారణం చెప్పుకున్నాక, నిజమో అబద్ధమో చూడకుండా రెండోసారి తలుపు మూశారు. మీ మనసు ఒప్పుకోనిది అక్కడే. మళ్ళీ అమ్మాలన్న నిర్బంధం మీ మీద లేదు. కాని విన్నానని చెప్పవలసిన బాధ్యత ఉంది."

ఆయన కాసేపు మౌనంగా ఉన్నారు. "అబద్ధమైతే మౌలానా?" అని అడిగారు.

"అబద్ధమైతే దాని లెక్క ఆయన అల్లాహ్ ముందు చెప్పుకుంటారు. నిజమైతే, తండ్రి పోయిన మనిషికి మీరు జవాబివ్వలేదన్న లెక్క మీరు చెప్పుకోవలసి వస్తుంది. ముందుగా డబ్బు తీసుకుని వస్తువు పంపితే మీకు పోయేదేమీ లేదు కదా!" అన్నాము.

ఆ గడియారం అప్పటికే వేరొకరికి అమ్ముడైపోయింది. అయినా ఆయన ఆ రాత్రే జాబితాలోంచి ఆ రెండు పేర్లూ తీసివేసి, తండ్రి మరణానికి సంతాపం తెలుపుతూ నాలుగు వాక్యాలు రాశారు. మరునాడు మస్జిద్‌లో కలిసినప్పుడు ఆ సంగతి చెప్పారు. జవాబు వచ్చిందా అని మేము అడగలేదు.

అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు మృదువుగా ఉండే మనిషి కోసం దైవప్రవక్త (సఅసం) అల్లాహ్ కారుణ్యాన్ని వేడుకున్నారని బుఖారీలో ఉంది. ఆ దుఆలో మనకూ చోటు దొరకాలి. ఇతరులకు తలుపు మూసే ముందు, ఒకనాడు మనమూ ఒక తలుపు ముందు నిలబడి తెరవమని వేడుకోవలసినవారమేనని గుర్తుంచుకుందాము. మన వ్యాపారాల్లో న్యాయాన్ని, మన తీర్పుల్లో దైవభీతిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.